కోనసముద్రపు ఉక్కు - కొలిమి వేడిమి

తెలంగాణమున తయారైన ఉక్కు పశ్చిమాసియా ఖడ్గకారులకు చేరినదనుట చరిత్రకారులకు క్రొత్త విషయము కాదు. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1676లో ప్రకటించిన యాత్రాగ్రంథమున గోలకొండ రాజ్యపు ఉక్కును పేర్కొనియున్నాడు. ఆంగ్లేయులు 'ఊట్జ్' అని వ్యవహరించిన పదము దక్షిణభాషలలోని 'ఉక్కు' శబ్దమునకు వికృతియని పలువురు పండితుల అభిప్రాయము. అయితే ఈ లోహపు కీర్తిని కొందరు ముడి ఖనిజమునకును, కొందరు డమాస్కసు కమ్మరుల హస్తకౌశలమునకును ఆపాదించి యూరకుండిరి. వేడిమిని అదుపుచేయు జ్ఞానమే దీనికి ప్రాణమనియు, అందు ముఖ్యభాగము తెలుగునాటి కొలిముల యొద్దనే సిద్ధించినదనియు మా అభిప్రాయము.

ఇందుకు ప్రధానాధారము డాక్టర్ హెన్రీ వోయిసీ వ్రాసిన వృత్తాంతము. త్రికోణమితి సర్వేలో భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసి 1824లో మరణించిన ఇతడు నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రపు పరిశ్రమను స్వయముగా పరిశీలించెను. ఆతని రచన 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఇనుమును మట్టిమూసలలో నుంచి, తిత్తులతో మంట నెగద్రోసి కరగించుట అందు మొదటి ఘట్టము. రెండవది అంతకంటె గమనింపదగినది. మూసనుండి తీసిన ముద్ద మిక్కిలి కఠినమగుటచే, దానికి మట్టి పూసి, కొలిమిలో పెక్కు గంటలు కాచి, మెత్తబడువరకు ఆ పనినే మరల మరల చేయుచుండిరి.

ఈ రెండవ ఘట్టమునకు కారణమేమి? ఈ ఉక్కులో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలు. అది మెల్లగా చల్లారునప్పుడు, ఇనుము, కర్బనముల సమ్మేళనము లోహకణముల నడుమ గట్టి వలవలె ఏర్పడును. ఆ వల యున్నంతవరకు సమ్మెటపోటుకు ముద్ద వంగదు, పగులును. దీర్ఘకాలము కాచుటచే వల తెగి గుండ్రని రేణువులగును. అప్పుడు లోహము వంగుటకు లొంగును. కాబట్టి ఎగుమతియైనది కేవలము ముడిసరుకు కాదు, సాగగొట్టుటకు సిద్ధపఱచిన లోహమని గ్రహింపవలెను.

ఐరోపా పరిశోధకుల అనుభవము దీనికి విపరీత దృష్టాంతము. 1795లో పియర్సన్ ఈ ఉక్కును పరీక్షించి లండను రాయల్ సొసైటీకి నివేదించెను. 1819లో ఫారడే దీని గుణమునకు అల్యూమినా, సిలికాల అంశములు కారణమనెను. 1823లో పారిసునందు బ్రెయాన్ కర్బనాధిక్యమును గుర్తించెను. కాని అక్కడి కమ్మరులు చేత ఇనుమును కొట్టు అలవాటుచొప్పున దీనిని తెల్లగా కాచిరి. చేత ఇనుము 1500 డిగ్రీల సెంటిగ్రేడు దాటినగాని కరగదు. ఈ యుక్కు అంతకు చాల తక్కువ వేడిమికే లోలోపల కరగ నారంభించును. అందుచే సమ్మెట తగులగనే పొడియయ్యెను. సుమారు 650 నుండి 850 డిగ్రీల లోపల, అనగా ఎఱ్ఱని కాకలో మాత్రమే ఇది చక్కగా సాగును. దోషము లోహమున లేదు, కాకయందున్నది.

1998లో వెర్హోవెన్, పెండ్రే ప్రభృతులు వనాడియము వంటి స్వల్పాంశముల వలన కత్తులపై అలలవంటి రేఖలు ఏర్పడునని చూపిరి. దీనిచే ఖనిజమునకే ప్రాధాన్యము సిద్ధించినదని కొందరనవచ్చును. కాని హద్దు మీరని వేడిమిలో పలుమార్లు కాచి కొట్టిననే ఆ రేఖలు తీరునని వారి ప్రయోగములే తెలుపుచున్నవి. ఖనిజము అవకాశమును మాత్రమిచ్చును. దానిని ఫలింపజేయునది కాక.

లోహముల మార్పు వేడిమినిబట్టి నిర్ణీతస్థానములందు జరుగునని రష్యాలో చెర్నోవ్ 1868లో ప్రకటించెను. అంతకు పూర్వమే ఉష్ణమాపకము లేని కమ్మరి ఆ హద్దులను కంటితో, రంగునుబట్టి, గుర్తించి వర్తించెను. ఆతడు గ్రంథము వ్రాయలేదు. కావున ఆతని విద్య పరదేశపు నగరము పేరట చెల్లుబడియైనది. ఆ విద్యకు మిగిలిన లిపి వృత్తిపదజాలమొక్కటే. కాకలకును, పదునులకును కమ్మరులు వాడు మాటలను, అవి మఱుగుపడకముందే, ఊరూర సేకరించి అర్థనిర్ణయము చేయుట తెలుగు శాఖల కర్తవ్యమని మేము భావించుచున్నాము.