దేశము, కాలము, పేరు

హైదరాబాదు కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి ఆలయమున మంగళవారమునాడు అర్చనకు నిలిచినవారు, ప్రతిసారి వినుచునే యున్నను గమనింపని విశేషమొకటి కలదు. ముంగిట కౌంటరులో టికెట్టు తీసికొని గర్భాలయము ముందునకు వచ్చిన భక్తునికై అర్చకుడు సంకల్పము చెప్పునప్పుడు, జంబూద్వీపముతో మొదలిడి, భరతవర్షమును, భరతఖండమును, శ్రీశైలమునకు మనము ఏ దిక్కున నున్నామో ఆ ప్రదేశమును పేర్కొని, పిమ్మట సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము చెప్పి, కట్టకడపట గోత్రమును, పేరును పలుకును. అపారమైన జనసమూహములో ఒక్క మనుష్యుని పొరపాటు లేక నిర్దేశించుటకు మన పూర్వులు ఏర్పరచిన క్రమమిది: విశాలమైన దానినుండి సూక్ష్మమైన దానికి మెట్టుమెట్టుగా దిగుట, దేశముతోపాటు కాలమును గూడ చెప్పుట. నేడు వేలకొలది ఉద్యోగులు గల సంస్థలలో ఎవరెవరో, ఎవరికి ఏ తలుపు తెరువవలెనో నిర్ణయించుచున్న నెట్‌వర్కు డైరెక్టరీ చరిత్రను పరిశీలించినచో, అది యించుమించు ముప్పది యేండ్ల ప్రయాసమున ఇట్టి క్రమమునకే వచ్చి చేరినట్లు కనబడును.

ఈ ఆలయమును క్రీ.శ. 1143 ప్రాంతమున కాకతీయ రెండవ ప్రోలరాజు కట్టించెనని స్థలపురాణము. ఔరంగజేబు సైన్యము దీనిని కూల్చవచ్చినప్పుడు, ముందు మనస్సు గట్టిచేసికొమ్మని హెచ్చరించుచు "కర్ మన్ ఘట్" అను వాణి వినబడెననియు, ఆ మాటయే ఊరి పేరైనదనియు పెద్దలు చెప్పుదురు. నగరము ఇంతదూరము రాకపూర్వము ఈ చుట్టుపట్ల గ్రామములలో భూమికిని హక్కునకును ఆధారము పట్వారి చేతిలోని పహాణీ. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, అనుభవములో నున్నవాని పేరు, వేసిన పైరు, అన్నియు అందుండెడివి. 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని భూవివాదములలో వెదకి తీయుచునే యున్నారు. పుస్తకమొక్కటియే యగుటచేత అందు ఒకచోట ఒకటి, మరియొకచోట మరియొకటి యను వైరుధ్యమునకు తావు తక్కువ. కాని పట్వారి ఊరిలో లేనిచో పని నిలిచిపోవును, అతడు తప్పు వ్రాసినచో దిద్దువాడుండడు. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పద్ధతి రద్దగువరకు పల్లె జీవితము ఈ లాభనష్టముల నడుమనే సాగెను.

కంప్యూటరు నెట్‌వర్కులును మొదట ఒక్క పుస్తకముతోనే ఆరంభమైనవి. అమెరికాలోని అర్పానెట్‌లో ఏ యంత్రమునకు ఏ సంఖ్యయో తెలుపు పట్టికను కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందు ఎలిజబెత్ ఫైన్లర్ ఆధ్వర్యమున ఒక కార్యాలయము నడపెడిది. క్రొత్త యంత్రము చేరినప్పుడు వారికి తెలియజేయుట, వారు పట్టిక దిద్దుట, తక్కినవారు దాని నకలు తెచ్చుకొనుట, ఇదియే పద్ధతి. యంత్రములు పెరుగగా ఆ యొక్క చేతికి పని మితిమీరెను. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్, పేర్లను శాఖోపశాఖలుగా విభజించి, ఏ శాఖ పేర్లను ఆ శాఖవారే చూచుకొనునట్లు చేసెను. 1982లోనే జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనాలయమున గ్రేప్‌వైన్ అను వ్యవస్థను నిర్మించినవారు, మనుష్యుల పేర్ల పట్టికను అనేక సర్వరులలో ఉంచి, ఏ సర్వరులో దిద్దినను ఆ మార్పు తక్కినవానికి చేరునట్లు ఏర్పరచి, తరువాతివారికి మార్గము చూపియుండిరి.

1988లో అంతర్జాతీయ టెలిఫోను, టెలిగ్రాఫు సంప్రదింపుల సమితి ఎక్స్.500 అను ప్రమాణమును ప్రకటించెను. అందలి పేరు ఒక వృక్షము: మూలమున దేశము, దాని క్రింద సంస్థ, సంస్థలో విభాగము, విభాగములో వ్యక్తి. సంకల్పము మాటలు మార్చి చెప్పినట్లే యుండును! కాని ఆ ప్రమాణము మిక్కిలి బరువైనది. బల్లమీది చిన్న కంప్యూటరు దానిని మోయజాలకపోయెను. అందుచేత మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన టిమ్ హోవ్స్, వెంగిక్ యియాంగ్, స్టీవ్ కిల్ అనువారితో కలిసి, 1993లో ఎల్‌డాప్ అను తేలికయైన సంభాషణ పద్ధతిని ప్రకటించెను. పేరును వ్రాయునప్పుడు ఎల్‌డాప్ మన ఉత్తరముమీది చిరునామావలె వ్యక్తితో మొదలిడి సంస్థతో ముగించును. అర్థమునకు మాత్రము వృక్షము అదియే.

ఆ సంవత్సరముననే కార్యాలయముల నెట్‌వర్కులలోను మార్పు వచ్చెను. అంతవరకు నోవెల్ నెట్‌వేర్‌లో ఏ సర్వరు పట్టిక దానిదే. పది సర్వరులున్నచో ఒక్క ఉద్యోగి పేరు పదిచోట్ల వ్రాయవలసివచ్చెడిది. నెట్‌వేర్ 4 ఆ పట్టికలను కలిపి ఒక్క వృక్షముగా చేసెను. మైక్రోసాఫ్టువారి విండోస్ ఎన్‌టీ యందు డొమైన్ అను ఒక్కొక్క యంత్రసముదాయమునకు పట్టికనుంచు ప్రధాన కంట్రోలరొకటి, దాని నకళ్ళు కొన్ని. వ్రాయు హక్కు ప్రధానమునకే గలదు. అది ఆగినచో నకళ్ళు లాగిన్ చేయనిచ్చునుగాని, పాస్‌వర్డు మార్చుటకు వీలులేదు. పట్వారి ఊరిలో లేని దినమువంటిదే యిది. 2000 ఫిబ్రవరి 17న విండోస్ 2000తో వెలువడిన యాక్టివ్ డైరెక్టరీ, ప్రతి డొమైన్ కంట్రోలరునకును వ్రాయు హక్కు నిచ్చి ఈ చిక్కును విడదీసెను.

పదిమంది చేతికి కలము ఇచ్చినచో పుస్తకములు ఏకమై యుండుటెట్లు? దీనికి చెప్పిన సమాధానమే ఈ వ్యవస్థకు గుండెకాయ. ప్రతి కంట్రోలరు తాను చేసిన మార్పులకు వరుస సంఖ్య వేసికొనును. పొరుగు కంట్రోలరు వచ్చి, "నీ యొద్ద నేను ఇంతవరకు చూచితిని, ఆపైని చెప్పుము" అని అడిగి తీసికొనును. ఒక ఉద్యోగి ఫోను నంబరును ఇద్దరు రెండుచోట్ల ఒకేసారి దిద్దినచో, ఎక్కువసార్లు దిద్దబడినది నిలుచును. అందు సమమైనచో తరువాతి కాలముది నిలుచును. అందరును సమానులైనను, ఐదు పనులు మాత్రము ఒక్కొక్కరికే అప్పగింపబడినవి. పట్టిక స్వరూపమును మార్చుటయు, క్రొత్త పేర్లకు ఇయ్యవలసిన గుర్తింపు సంఖ్యలను పంచుటయు వానిలోనివి. తొలగించిన పేరు తక్షణమే మాయమగదు. సమాధిఫలకమువలె కొన్నాళ్ళు నిలిచి, అందరికిని ఆ వార్త చేరునట్లు చేయును. ఆ గడువు మొదట 60 దినములు, పిదప 180 దినములైనది. గడువు దాటునంతకాలము మూతపడియున్న సర్వరును తెచ్చి తిరిగి కలిపినచో, మృతనామములు మరల తలయెత్తును.

ఇక టికెట్టు సంగతి. కర్మన్‌ఘాట్‌లో గది అద్దెకు తీసికొన్న యువకుడొకడు ఉదయము కార్యాలయము చేరి పాస్‌వర్డు కొట్టినాడనుకొందము. ఆ పాస్‌వర్డు తీగలవెంట ప్రయాణింపదు. దానినుండి పుట్టిన తాళముతో అప్పటి కాలమును ముద్రించి అతని యంత్రము పంపగా, కంట్రోలరు సరిచూచి పది గంటలు చెల్లునట్టి టికెట్టు నిచ్చును. ఆ టికెట్టు చూపి ఫైలు సర్వరునకొకటి, ప్రింటరునకొకటి వేరువేరుగా టికెట్లు పొందును. గర్భాలయమునందలి అర్చకుడు సొమ్ము లెక్కింపక టికెట్టు చూచి పూజ చేసినట్లు, ఫైలు సర్వరు పాస్‌వర్డు అడుగక టికెట్టునే విశ్వసించును. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1983లో ఆరంభమైన ఎథీనా ప్రయత్నమున పుట్టిన కెర్బరాస్ పద్ధతి ఇదియే. రెండు యంత్రముల గడియారములు ఐదు నిమిషములకు మించి వేరైనచో టికెట్టు చెల్లదు. తిథి వారములు లేని సంకల్పము లేనట్లే, కాలము కలియని గుర్తింపును ఈ వ్యవస్థ యంగీకరింపదు.

ఈ విద్య మన నగరమునకు వచ్చిన కాలమును మనమెరుగుదుము. 1996లో రిజర్వు బ్యాంకు మాసబ్‌ట్యాంకులో బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థను నెలకొల్పెను. డిజిటల్ సంతకమునకు ఆ సంస్థ యిచ్చు ధ్రువపత్రము ఎక్స్.500 పరంపరలోని ఎక్స్.509 ప్రకారముననే యుండును. 1998లో సైబర్ టవర్స్ ఆరంభమయ్యెను. ఆ యేటనే మైక్రోసాఫ్టు అభివృద్ధి కేంద్రము హైదరాబాదునకు వచ్చెను. అమీర్‌పేటలోను, దిల్‌సుఖ్‌నగర్‌లోను శిక్షణాలయముల బోర్డులు మేడమీద మేడగా లేచెను. జిల్లాలనుండి వచ్చిన యువకులు గదులలో నలుగురైదుగురు చేరి, పాత కంప్యూటర్లు రెండు కలిపి డొమైను నిలబెట్టి, కూల్చి, మరల నిలబెట్టి నేర్చుకొనిరి. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్-అమీర్‌పేట మెట్రో ప్రారంభమైనపిమ్మట వారి తరువాతి తరము ఆ మార్గముననే పనులకు పోవుచున్నది.

వీరి పని వెలుపలికి కనబడదు. లాగిన్ సాగినన్నాళ్ళు వారినెవ్వరును తలపరు, ఆగినప్పుడే ఫోనులు మ్రోగును. అయినను పట్వారి పుస్తకముమీద ఊరి హక్కులన్నియు నిలిచినట్లు, వీరి పట్టికమీద ఆసుపత్రుల, బ్యాంకుల, ప్రభుత్వ కార్యాలయముల హక్కులు నిలిచియున్నవి. ఉన్నవానిని ఉన్నట్లును, పోయినవానిని పోయినట్లును చెప్పుటయే పట్టిక ధర్మము. కావున ఈ వృత్తిలోని సోదరీ సోదరులకు నా మనవి యొక్కటి: ఉద్యోగము విడిచినవాని ఖాతాను ఆ సాయంకాలమే మూయుడు, సర్వరుల గడియారములను సరిచూచుచుండుడు, దాచిన నకలును ఏడాదికొకమారైనను తీసి, నిలబెట్టి, పరీక్షింపుడు.