ఫరక్కా నీటి లెక్క: కోల్‌కతా వాటా ఎక్కడిది?

గంగకు అడ్డుకట్ట వేసి హుగ్లీలోకి నీరు మళ్ళించాలన్న ఆలోచన మొదట కాటన్ దొరకు వచ్చిందని చాలామంది రాశారు. తేదీలో మాత్రం పొంతన లేదు: కొందరు 1853 అంటారు, మరికొందరు 1858. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది కనుక రెండూ అసంభవం కావు. అయితే కాటన్ ప్రధానంగా జలరవాణా పక్షపాతి. ఆ ఒక్క సూచనతో ఇప్పటి ఫరక్కా బ్యారేజీకి ఆయనను మూలపురుషుడనడం కొంత తొందరపాటే.

గట్టి ఆధారం 1957లో దొరుకుతుంది. హుగ్లీ పూడికకు బ్యారేజీయే మందని జర్మన్ నిపుణుడు వాల్టర్ హెన్సన్ ఆ ఏడు అభిప్రాయపడ్డారు. పనులు 1961లో మొదలయ్యాయి. 1963 నుంచి 1973 దాకా కేంద్ర నీటిపారుదల మంత్రి కానూరి లక్ష్మణరావు. నిర్మాణంలో ప్రధాన భాగం ఆయన హయాంలోనే సాగింది. అంతమాత్రాన ప్రాజెక్టు మొత్తాన్ని ఆయన ఖాతాలో వేయలేం.

సుమారు 38 కిలోమీటర్ల ఫీడర్ కాలువను 40,000 క్యూసెక్కులకు రూపొందించారు. కోల్‌కతా రేవు ఒండ్రును కడిగేందుకు అవసరమని లెక్కకట్టిన పరిమాణమది. పనులు మొదలైననాటికి దిగువన ఉన్నది తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్). అందుచేత ఆ అంకె ఇంజనీర్లు తేల్చినదే తప్ప ఇరుపక్షాలు ఒప్పుకున్నది కాదని భావించవచ్చు. తర్వాతి పత్రాలు ఈ అనుమానాన్ని బలపరుస్తున్నాయి:

(1) 1975 ఏప్రిల్ తాత్కాలిక ఏర్పాటు 41 రోజులకే. మళ్ళింపు 11,000 నుంచి 16,000 క్యూసెక్కులు.

(2) 1977 ఒప్పందంలో ఏప్రిల్ చివరి పదిరోజులకు భారత్ వాటా 20,500, బంగ్లాదేశ్‌కు 34,500.

(3) 1996 డిసెంబరు 12 నాటి ముప్ఫైయేళ్ళ ఒడంబడికలో భారత్‌కు 40,000 దక్కేది ప్రవాహం 75,000 దాటితేనే. 70,000 లోపయితే చెరిసగం; 50,000 కన్నా తగ్గితే వెంటనే సంప్రదింపులు. మార్చి 11 నుంచి మే 10 వరకు మాత్రం ఇరుదేశాలకూ వంతులవారీగా పదేసి రోజులు 35,000 హామీ.

ఈ వాటాల పట్టికకు ఆధారం 1949–88 నాటి సగటు ప్రవాహాలు. చిక్కంతా ఇక్కడే ఉన్నట్టుంది. అమలు మొదలైన 1997 వేసవిలోనే ప్రవాహం ఆ సగటును అందుకోలేదు. పైగా ఫరక్కాలో వదిలిన నీటికీ, దిగువన హార్డింజ్ వంతెన దగ్గర తేలిన నీటికీ లెక్క కుదరడంలేదని బంగ్లాదేశ్ అభ్యంతరపెట్టింది. దారిలో ఇంకడమా, కొలతల్లో తేడానా అన్నది ఆ రెండు అంకెల నుంచే తేల్చడం కష్టం.

అయినా జనవరి నుంచి మే దాకా రెండు చోట్లా ఉభయదేశాల బృందాలు కలిసి కొలిచే పద్ధతి నిలిచింది. 1972లో ఏర్పడిన సంయుక్త నదుల కమిషన్ తరఫు సాంకేతిక బృందాలు 2025 మార్చి మొదటి వారంలోనూ ఫరక్కా చూసి కోల్‌కతాలో సమావేశమయ్యాయి. ఢాకాతో రాజకీయ సంబంధాలు బిగుసుకున్న రోజులవి. వాటాల అంకెల కన్నా ఈ ఉమ్మడి కొలతే దృఢమైనదని దీన్నిబట్టి, జాగ్రత్తగానే, అనుకోవచ్చు. ఒడంబడిక గడువు 2026 డిసెంబరుతో తీరుతుంది. కొత్త పట్టికకు 1949–88 సగటులనే తీసుకోవాలా, 1997 నుంచి ఇరువురూ కలిసి నమోదుచేసిన ప్రవాహాలనా అన్నది అప్పటిలోగా తేలవలసిన మొదటి ప్రశ్న.