రేడియో బగ్గీబండి

బగ్గీ యన్న మాట మన పెద్దలకు క్రొత్తది కాదు. నిజాము రాజ్యకాలమున జాగీరుదారులును, పై అధికారులును గుఱ్ఱపు బగ్గీలలో తిరుగుచుండిరి. బగ్గీ వచ్చుచున్నదనిన బాటసారి దారి విడువవలసినదే. నేడు మా నాగల్‌గిద్దలో పిల్లలు బగ్గీ యని చెప్పుకొనునది వేఱొకటి. అది మూరెడు పొడవు గల బొమ్మకారు. దానికి గుఱ్ఱము లేదు, పగ్గము లేదు, లోపల తోలువాడును లేడు. పది పదునైదు బారల దూరమున నిలిచిన బాలుడు చేతిలోని రిమోటుపై వ్రేలు కదపగా ఆ బండి ముందుకుఱుకును, మలుపు తిరుగును, గట్టెక్కి గాలిలోని కెగిరి మరల చక్రములపై నిలుచును.

దీనిని చూచి మన పెద్దలు కొందఱు, "ఇది పరదేశపు పిచ్చి, డబ్బునకు చేటు, చదువునకు చేటు" అందురు. ఈ మాట నేను చావడిలో పలుమారులు వింటిని. డబ్బు సంగతియు చదువు సంగతియు తరువాత చూతము. పరదేశపు పిచ్చి యన్నది ఎంతవఱకు నిజమో ముందుగా విచారింపవలెను.

బొమ్మబండి మన దేశమున నాలుగువేల యేండ్లకు మించిన వయస్సు గలది. హరప్పా, మొహెంజొదారో పట్టణముల త్రవ్వకములలో కాల్చిన మట్టితో చేసిన చిన్న బండ్లును, వాని చక్రములును, ఎడ్లును విస్తారముగా దొరకినవి. వానిని చూచిన రైతు ఇదేమని యడుగడు. తన యింటి బండినే అందు గుర్తించును. ఇంతకంటె మనకు దగ్గఱిది మహారాష్ట్రమునందలి దైమాబాదు. ఈ యూరు ప్రవరానది యొడ్డున, ఇప్పుడు అహిల్యానగరమని పేరు మాఱిన అహమదునగరము జిల్లాలో నున్నది. ప్రవర గోదావరిలో కలియును. మన మంజీరయు గోదావరిలోనే కలియును. కావున దైమాబాదువారు మనకు నీటిచుట్టములని నేనందును. 1974లో అచ్చట చెట్టుమొదలు త్రవ్వుచుండగా నాలుగు కంచుబొమ్మలు బయటపడినవి. ఏనుగు, ఖడ్గమృగము, దున్న యనునవి మూడు. నాలుగవది జోడెడ్లు కట్టిన రథము. అందు తోలువాడు నిలుచుండి యున్నాడు. వాని ముందఱ ఒక కుక్క గూడ నున్నది. ఆ రథము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, అనగా సరిగా మూరెడు. అది ఆటవస్తువో, పూజలకు ఊరేగించిన వస్తువో పండితులలో ఏకాభిప్రాయము లేదు. దాని పొడవు మాత్రము నేటి బగ్గీ పొడవునకు ఇంచుమించు సరిపోవుట చూచి నేను కొంతసేపు నవ్వుకొంటిని.

సంస్కృత నాటకములలో ఒకదానికి బొమ్మబండి పేరే పెట్టబడినదని మీలో చదివినవారు ఎఱుగుదురు. అది శూద్రకుని మృచ్ఛకటికము. మట్టిబండి యని అర్థము. చారుదత్తుడు దానములు చేసి పేదవాడైన బ్రాహ్మణుడు. వాని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారుబండితో ఆడుకొని, అది తిరిగి తీసికొనిపోబడగా ఏడ్చును. దాసి మట్టిబండి చేసి యిచ్చినను ఊరడిల్లడు. అప్పుడు వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిలో నింపి, వీనితో బంగారుబండి చేయించుకొమ్మనును. ఆ నగలే తరువాత న్యాయస్థానమున చారుదత్తునిపై సాక్ష్యమై వానిని వధ్యశిల వఱకు తీసికొనిపోయినవి. పొరుగింటి పిల్లవాని బొమ్మను చూచి మన పిల్లవాడు ఏడ్చుట రిమోటుతో మొదలైనది కాదని చెప్పుటకే ఈ కథ నెత్తితిని.

నాటకముల మాట యటుండనిండు. మనకు పొరుగుననున్న ఉత్తర కన్నడసీమలో జ్యేష్ఠమాసపు అమావాస్యనాడు నేటికిని ఇంటింట మట్టియెడ్లను చేసి పూజింతురు. తెలుగునాట ముంజలు తిన్న పిమ్మట పిల్లలు ఆ తాటిబుఱ్ఱలు రెండింటిని పుల్లతో గూర్చి, పంగలకఱ్ఱతో నెట్టుచు బండి తోలుట మనలో చేయనివారెవరు? ఆ పంగలకఱ్ఱను కుడికి వంచిన బండి కుడికి పోవును, ఎడమకు వంచిన ఎడమకు పోవును. రేడియో బగ్గీలో మాఱినది ఆ కఱ్ఱ మాత్రమే. అది కంటికి కానరాని తరంగమైనది.

ఆ తరంగము చరిత్రయు వినదగినది. రేడియో యనిన మాటలాడు పెట్టెయని మన అభిప్రాయము. కాని రేడియో మాటలాడుటకు ముందే పని చేయ నేర్చినది. 1895లో కలకత్తా టౌనుహాలులో జగదీశచంద్ర బోసు విద్యుత్తరంగములను గోడల కావలికి పంపి, దూరమున నున్న గంటను మ్రోగించి, తుపాకిమందు నంటించి చూపెను. మానవకంఠము మొదటిసారిగా ఆ తరంగములపై ప్రయాణించినది 1900లో, అమెరికాలో ఫెసెండెను చేసిన ప్రయోగమున. అనగా మన వంగదేశపు గంట మ్రోగిన పిదప ఐదేండ్లకు గాని రేడియోకు నోరు రాలేదు.

ఇంతలో 1898లో న్యూయార్కు నగరపు ప్రదర్శనశాలలో నికోలా టెస్లా ఒక నీటితొట్టిలో చిన్న పడవను వదలి, తీగయేమియు లేకయే దానిని నడిపి చూపెను. ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీన దానికి 613809 సంఖ్యగల పేటెంటు లభించినది. నేటి బొమ్మకారులన్నిటికి మూలపురుషుడు ఆ పడవయే. నేలపై నడచు బండిని మొదట నడిపినవాడు స్పెయిను దేశపు టోర్రెస్ కెవేడో. 1904లో ఇతడు మాడ్రిడ్ నగరమున మూడు చక్రముల విద్యుద్బండిని ఇరువది ముప్పది మీటర్ల దూరమునుండి తిప్పెను. రెండేండ్లకు బిల్బావో రేవులో ఆ దేశపు రాజు చూచుచుండగా పడవను నడిపెను. 1921లో అమెరికా సైన్యమువారు డేటన్ పట్టణపు వీధులలో తోలువాడు లేని బండిని నడపిరి. 1925లో న్యూయార్కు వీధులలో పెద్ద మోటారుకారునే వెనుకనుండి మఱియొక కారులో కూర్చుండి రేడియోతో తోలిరి. అది పోయి పోయి తనను ఫొటో తీయవచ్చినవారి కారునే గుద్దినది! మా ఊరి బగ్గీలు కోళ్లగంపలకు తగులుట దీని ముందు ఎంతటి నేరము?

ఇవన్నియు పెద్దల పనులు, సైన్యముల పనులు. పిల్లలచేతికి రేడియోబండి వచ్చుటకు మఱి ముప్పది యేండ్లు పట్టినది. 1955లో జపాను దేశపు మసుదయా కంపెనీవారు రాడికాన్ అను రేకుబస్సును అమ్మకమునకు తెచ్చిరి. అందలి గ్రాహకము లోహపు రజనుతో నిండిన చిన్న గొట్టము. తరంగము తగిలినప్పుడు ఆ రజను విద్యుత్తునకు దారి యిచ్చును. ఇది రేడియో పుట్టిన దినముల నాటి పద్ధతి. ప్రపంచమంతయు దానిని విడిచిన తరువాత బొమ్మలో అది మఱల బ్రతికినది. 1966లో ఇటలీ దేశమున రెజ్జో ఎమిలియా నగరమునందలి ఒక కంపెనీ ఫెరారీ కారును పండ్రెండవ వంతు కొలతకు తగ్గించి, రేడియోతో నడచునట్లు చేసి అమ్మినది.

అటుపిమ్మట ఈ వినోదమునకు ఇంటిపేరు వంటిదైనది జపానులోని షిజుఓకా నగరపు టామియా కంపెనీ. ఇది 1946లో కఱ్ఱలకోత మిల్లుగా ఆరంభమైనది. తొలుత కఱ్ఱబొమ్మలు, పిమ్మట ప్లాస్టికు బొమ్మలు చేసి, 1976లో రేడియోతో నడచు పోర్షే కారును తెచ్చినది. వడ్రంగము తెలిసినవారి చేతిలో బండి బాగుపడుట మన కాశ్చర్యము కాదు. అయితే అంతవఱకు వచ్చిన కార్లు నున్నని నేలపైనే పరుగెత్తునవి. రాయి తగిలిన ఆగిపోవును. ఇచ్చట బగ్గీ ప్రవేశించినది. అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున 1960ల దశాబ్దమున యువకులు పాత వోక్సువాగన్ కార్ల పైకప్పులు తీసివైచి, లావుచక్రములు తగిలించి, ఇసుకదిబ్బలపై తోలుకొనుచుండిరి. తేలికబండి గావున దానికి పాత గుఱ్ఱపుబండి పేరే పెట్టిరి. 1979లో టామియావారు ఆ యిసుకబగ్గీలను పదవవంతు కొలతతో బొమ్మలు చేసిరి. చక్రము ప్రతిదియు వేఱువేఱుగా పైకి క్రిందికి ఆడును. దెబ్బను స్ప్రింగు మ్రింగును. 1984లో తక్కువ వెలకు హార్నెటు, గ్రాస్‌హాపరు అను బగ్గీలు వచ్చిన తరువాత దేశదేశముల పిల్లలకు ఇవి అందినవి. 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో ఈ బగ్గీలకు ప్రపంచపు పోటీలే జరిగినవి. దున్నినచేను, రాళ్లబాట, చెఱువు గట్టు అను భేదము లేని బండి యగుటచేత మా వంటి పల్లెలకు కారుకంటె బగ్గీయే తగినది. వానకాలమున రేగడిలో మాత్రము ఏ బగ్గీయు సాగదు. అది ఎడ్లబండికే సాగదు గదా.

పూర్వపు రిమోటులలో ఒక చిక్కుండెను. 27 మెగాహెర్ట్జుల తావున కొన్ని సన్నని దారులుండును. ఏ దారియో నిర్ణయించుటకు రిమోటులోను బండిలోను ఒకే జత స్ఫటికపు ముక్కలను పెట్టుదురు. ఇద్దఱు పిల్లలవి ఒకే దారి యైనచో ఒకని పగ్గము మఱియొకని ఎద్దునకు కట్టినట్లగును. నేటి రిమోటులు 2.4 గిగాహెర్ట్జుల తావున పనిచేయును. ప్రతి రిమోటును తన బండినే గుర్తించును. పదిమంది ఒకచోట ఆడినను చిక్కులేదు. ఈ తావును పరిమితశక్తితో వాడుకొనుటకు అనుమతిపత్రము అక్కఱలేదని భారత ప్రభుత్వము 2005లో నిర్ణయించినది. ఇంటి రేడియోకు తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము కట్టి పుస్తకముపై ముద్ర వేయించుకొన్న దినములు మీకు జ్ఞాపకముండును. ఆ రుసుము 1980ల దశాబ్దమున రద్దయినది.

ఇక డబ్బును, చదువును. మంచిబగ్గీ వెల పిల్లవాని ఏడాది పుస్తకముల వెలను దాటును. దీనిని నేను కాదనను. కాని బజారులో దొరకు బగ్గీలు రెండు జాతులవి. ఒకటి మూతవేసి అతికించినది, చెడిన పారవేయవలసినదే. రెండవది మరలు విప్పి ప్రతి భాగమును మార్చుకొనదగినది. మన యెడ్లబండికి ఇరుసు విఱిగిన ఇరుసు, ఆకు విఱిగిన ఆకు వేయించుకొందుము గాని బండిని పెంటపై వేయము. చవుకయని మొదటిజాతి బండ్లను ఏడాదికి నాలుగు కొనుటకంటె, నలుగురు పిల్లలకు కలిపి రెండవజాతి బండి యొకటి కొనుట మేలని నా అభిప్రాయము.

మా వీధిలో ఒక బాలుని బగ్గీ మలుపు తిరుగునప్పుడెల్ల జాఱిపోవుచుండెను. వాడు దానిని విప్పి నా అరుగుపై పఱచి కారణము నడిగెను. బండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము నడచును. ఎడ్లబండిలో ఏ చక్రమున కాచక్రము ఇరుసుపై తనంతట తిరుగును గనుక బాధలేదు. మోటారుబండిలో రెండు చక్రములను ఒకే యంత్రము త్రిప్పును. కావున వాని నడుమ నాలుగైదు పండ్లచక్రముల పెట్టె యొకటి అమర్చి, వేగములో తేడాకు వీలు కల్పింతురు. ఆ పెట్టెలో రేగడిమట్టి బిగిసిపోయి యుండెను. వాని తాత, బగ్గీని అందఱికంటె గట్టిగా తిట్టినవాడు, వచ్చి చూచి, "కందెన వేయక తోలితివిరా" అనెను. పిదప ఆ తాతయు మనుమడును ఆ సాయంకాలమంతయు మట్టి కడిగి కందెన పూయుచు కూర్చుండిరి. భౌతికశాస్త్రపు పుస్తకములో ఆ పాఠము రెండు పుటలున్నది. పరీక్షకు వల్లించిన పిల్లలు ఇంకను వల్లించుచునే యున్నారు.

అపాయములు లేకపోలేదు. లిథియము బ్యాటరీని రాత్రంతయు చార్జికి పెట్టి నిద్రపోరాదు. ఉబ్బిన దానిని మరల వాడరాదు. అది భగ్గున మండును. మంచి బగ్గీ గంటకు 50 కిలోమీటర్లకు మించి పోగలదు. కావున రోడ్డుపైనను, పశువుల నడుమను తోలనీయరాదు. కోతలయిన పొలమో, ఎండిన చెఱువో చాలును.

మా మండలమున్న సంగారెడ్డి జిల్లాలోనే, కంది వద్ద ఐఐటీ హైదరాబాదు ఆవరణమున, తోలువాడు లేని బండ్లను నేలపైనను గాలిలోను పరీక్షించు క్షేత్ర మొకటి 2022 జూలైలో ప్రారంభింపబడినది. దాని పేరు తిహాన్. అచ్చట పనిచేయు యువకులలో బొమ్మబండ్లు విప్పి చూచి చీవాట్లు తిన్నవారు ఎందఱో యుందురని నా యూహ. మా బడి పిల్లలను ఒకమారు అచ్చటికి తీసికొనిపోవలెనని ఊరి పెద్దల నడిగియున్నాను. అందఱును సరేయనిరి. బస్సు బాడుగ ఎవరు పెట్టుకొనవలెనన్న సంగతి ఇంకను తేలలేదు.