సంగటి ఫోటో

మొన్న ఆదివారం రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి చేశాను. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి "అమ్మా, ఫోటో పెట్టు" అంది. సంగటిని ఫోటో తీయడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుసు. ట్యూబులైటు కింద తీస్తే మట్టిగడ్డలా కనిపిస్తుంది. కంచం మార్చాను, అరిటాకు పరిచాను, స్టూలెక్కి పైనుంచి తీశాను. ఇరవై నిమిషాలు గడిచాయి. ఎదురుగా కూర్చున్న మా అత్త, "ముద్ద చల్లారిపాయ. ఆకలి ఫోటోకా, మనిషికా?" అనింది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. 1952 కరువునాటికి ఆమెకు అయిదేళ్లు. రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టిన రోజులవి. "గిన్నె పట్టుకొని వరసలో నిలబడినాము. ఎవరో వచ్చి ఫోటో తీసినారు. ఆయన పోయినాకనే గంజి పోసినారు" అంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా ఈ సంగతి ఎప్పుడూ వినలేదు.

ఆ రాత్రి పాత కరువుల గురించి చదువుతూ కూర్చున్నాను. 1876-78లో వచ్చింది ధాత కరువు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, మనది బళ్లారి జిల్లా, 1882లో విడదీశారు. ఆ కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొంచెం డబ్బులు చాలని 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర లెక్క కట్టాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. అది చాలదని కార్నిష్ అనే డాక్టరు గట్టిగా వాదించాడు. అదే కరువులో మద్రాసు సైన్యానికి చెందిన హూపర్ అనే అధికారి ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. వాళ్లకు సాయం చేయకుండా బొమ్మలు తీశాడని ఆయనకు చెడ్డపేరు వచ్చింది. మన సీమవాళ్లకు కెమెరా అంటే ముందుగా గుర్తొచ్చేది కూడు కాదు, కూడు లేకపోవడం. మా అత్త కోపం నాకు అప్పుడు అర్థమైంది.

కెమెరా రాకముందే మన దగ్గర కంచాల బొమ్మలున్నాయి. లేపాక్షి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. 16వ శతాబ్దపు ఆ గుడి ఆవరణలో, నేలరాతి మీద చెక్కిన పళ్లేలున్నాయి. కూరలకు వేరే వేరే గుంతలు కూడా ఉన్నాయి. శిల్పులు వాటిలోనే భోంచేసేవారని చెబుతారు. ఖాళీ రాతిపళ్లేలే అయినా వాటిని చూస్తే తినే మనిషి కళ్లముందు మెదులుతాడు. నా ఫోటోల్లో లేనిది ఆ మనిషే.

ఈ ఆదివారం పద్ధతి మార్చాను. అందరికీ వడ్డించాకే ఫోన్ తీశాను. లైటు ఆర్పి, కంచాన్ని కిటికీ పక్కన పెట్టాను. పక్కనుంచి వెలుతురు పడితే ముద్ద గుండ్రదనం తెలుస్తుంది. వెనక ముదురు రంగు దుప్పటి ఉంటే ఆవిరి కనిపిస్తుంది. ముద్ద మధ్య గుంత చేసి నెయ్యి వేస్తే మెరుపు దానంతటదే వస్తుంది. స్టూలెక్కలేదు, తినేవాళ్ల ఎత్తులోనే కూర్చుని తీశాను. మూడే మూడు ఫోటోలు, ఒక్క నిమిషం.

మూడోదాంట్లో ముద్ద తుంచుతున్న మా అత్త చెయ్యి ఉంది. పంపనా అని అడిగి చూపించాను. కాసేపు చూసి, "పంపు" అంది. "నీ కంచంలోది చల్లారుతాంది, ముందు తిను."