చీనా కుంచెవ్రాత – యంత్రహస్తము
2009లో యునెస్కో మానవజాతి అమూర్త వారసత్వముగా గుర్తించిన చీనా కుంచెవ్రాతను యంత్రమునకు నేర్పుట, అక్షరరూపమును చూపినంతమాత్రమున సాధ్యపడునది కాదు. ఏలయన, రోమములతో కట్టిన కుంచె కలమువలె గట్టిది కాక, ఒత్తినకొలది పరచుకొని, ఎత్తినకొలది సన్నగిలి, ఒకమారు వంగిన పిదప వెంటనే నిటారుగా నిలువదు. కావున యంత్రహస్తమునకు గీత నడచు దారియేగాక కుంచె ఎత్తును, వాలును, వేగమును సైతము నేర్పవలయును. కుంచెవ్రాతకు వాడు, సిరాను పీల్చుకొను షువాన్ కాగితముపై క్షణమాగినను సిరా మచ్చగా వ్యాపించును. ఎనిమిది మౌలికరేఖలను అభ్యసించుటకు విద్యార్థులు తరతరములుగా దిద్దుచున్న, ‘శాశ్వతము’ అను అర్థముగల ‘యోంగ్’ అక్షరము యంత్రమునకును తగిన తొలిపాఠమే. గురువు చేతికదలికను నమోదుచేసి అనుకరింపజేయుట ఒక పద్ధతి. వ్రాసిన గీతను కెమెరాతో చూచి, మాతృకతో పోల్చి, తప్పును తానే దిద్దుకొనునట్లు చేయుట మరియొకటి. రెండవదియే మేలని తోచును: 4వ శతాబ్దపు కుంచెవ్రాత ప్రవీణుడు వాంగ్ షీజీ చేతికదలికను నమోదుచేయుట ఎట్లు? ఆయన స్వహస్తలిఖితములైనను నిలువలేదు, ప్రతులే మిగిలినవి.