మోటుపల్లి రాతిస్తంభం చెప్పే పాఠం

బుట్టాయగూడెం ఏజెన్సీ నుంచి ద్వారకా తిరుమల, ఏలూరు, విజయవాడ మీదుగా చీరాల దాటి వెళ్తే సముద్రం ఒడ్డున మోటుపల్లి వస్తుంది. చినగంజాం మండలంలోని ఈ పల్లె కాకతీయుల కాలంలో పెద్ద రేవుపట్నం. అక్కడి వీరభద్రస్వామి గుడిలోని రాతిస్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది.

అభయం ఎందుకు ఇవ్వాల్సి వచ్చింది? అంతకుముందు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు బలవంతంగా తీసుకునేవారు. బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు ఏవీ సొంతదారుకు దక్కేవి కావు. సముద్రం మిగిల్చింది కూడా రాజు పట్టుకుపోతే ఆ రేవుకు మళ్లీ ఎవరు వస్తారు?

గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ప్రాణాలకు తెగించి వచ్చే వ్యాపారుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, పట్టునూలు, పగడాలు, మిరియాలు వంటి సరుకులకు రేట్లు కూడా చెక్కించాడు. తర్వాత 1358లో అనవోతారెడ్డి అదే ఊళ్లో వ్యాపారులకు మళ్లీ అభయమిస్తూ సంస్కృతం, తెలుగులతోపాటు తమిళంలోనూ శాసనం వేయించాడు. వచ్చేవాళ్ల భాషలో రాస్తేనే వాళ్లకు ధైర్యం.

13వ శతాబ్దం చివర్లో ఈ దేశం గురించి రాసిన మార్కోపోలో, రాణి పాలననూ, సాలెగూడంత సన్నని బట్టలనూ మెచ్చుకున్నాడు.

ఇది రాజుల గొప్ప అని చదివి వదిలేయకూడదు. ఏనుగు దంతం అడవి సరుకు. అది ఏ అడవి నుంచి వచ్చినా, మోసుకొచ్చినవాళ్ల పేర్లు ఆ రాయి మీద లేవు. ఓడ వ్యాపారికి దొరికిన అభయం అడవి మనిషికి దొరికిందని శాసనం చెప్పదు.

మన సంతల్లో తేనె, చింతపండు, కుంకుడుకాయలు అమ్మే అమ్మలకు నేటికీ తూకం దగ్గర, ధర దగ్గర భయమే. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది ఈ దోపిడీని ఆపడానికే. కానీ ఏ సరుకుకు ఎంత ధరో తెలియని మనిషి ఎవరినని అడగగలదు?

యువకులు, ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. ఈ ఏడాది కొనుగోలు ధరలు తెలుసుకుని, పిల్లల చేత తెలుగులోనూ కోయభాషలోనూ పెద్ద అక్షరాలతో రాయించి సంత దగ్గర కట్టాలి. చదవలేని పెద్దలకు పిల్లలే చదివి వినిపించాలి. మోటుపల్లి పాఠం చెప్పిన మర్నాడే ఈ పని మొదలుపెట్టవచ్చు.