బండియు బాటయు: అండమాను దీవుల వాహనచరిత్ర

పరుల వస్తువును కొంతకాలము వాడుకొనుటకు తెలుగులో పేర్లు పెక్కు గలవు. ఇంటికిచ్చునది అద్దె, బండికిచ్చునది బాడుగ, పొలమునకిచ్చునది కౌలు. తెలంగాణమున ఇంటికిని బండికిని కిరాయి యనుటయే వాడుక. వీనిలో బాడుగ హిందీలోని 'భాడా'కు తోబుట్టువు. రెంటిని నిఘంటుకారులు సంస్కృతమందలి భాటక శబ్దముతో ముడివెట్టుదురు. కిరాయి, కౌలు అను రెండును అరబ్బీనుండి పారసీకము మీదుగా మనకు చేరినవి. కౌలు అను మాటకు మొదటి యర్థము 'మాట' యనియే. భూమిని దున్నుకొమ్మని ప్రభువు రైతునకిచ్చిన మాట కాలక్రమమున ఆ భూమిపై రైతు చెల్లించు పైకమునకు పేరైనది. సొంతము మేలా, బాడుగ మేలా అను ప్రశ్న మోటారు బండితో పుట్టినది కాదనుటకు ఈ పదములే సాక్ష్యము.

ఈ ప్రశ్నకు ఒక్కొక్క దేశము ఒక్కొక్క విధముగా సమాధానము చెప్పినది. అండమాను దీవులలో మాత్రము దానికి మరియొక ప్రశ్న తోడైనది. బండి యెవరిదైనను కానిండు, అది నడచు బాట యెవరిది? ఈ రెండవ ప్రశ్నను విడిచి ఆ దీవుల వాహనచరిత్రను చెప్పుట సాధ్యము కాదు.

ముందుగా ఇతర దేశముల మాట. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో 'మోడల్ టి' కారును వెలువరించెను. 1927లో దాని నిర్మాణము నిలుచునాటికి అట్టివి కోటిన్నర తయారైనవి. 1919లో జనరల్ మోటార్సు వారు వాయిదాల మీద కొనువారికి అప్పిచ్చుటకై ప్రత్యేకముగా ఒక సంస్థను నెలకొల్పిరి. వాయిదాలకు అలవాటుపడిన దేశము నెలసరి బాడుగకు అలవాటుపడుట కష్టము కాదు. నేడు అచ్చటి క్రొత్త కార్లలో చెప్పుకోదగిన భాగము రెండు మూడేండ్ల బాడుగపై ఇండ్లకు వచ్చి, గడువు తీరగానే మరలిపోవుచున్నది. నేల విశాలము, పెట్రోలు చౌక, ఊళ్ళ నడుమ దూరము మెండు. కనుక అమెరికను మనసు పెద్ద కార్లమీదను, వెనుక సరకు తొట్టిగల పికప్ బండ్లమీదను నిలిచినది.

జపానులో అందుకు విరుద్ధము. అచట చిన్న కార్లకు 1949నుండి 'కేయి' యను ప్రత్యేకవర్గము కలదు. 1990నుండి వాని యంత్రపరిమాణము 660 ఘన సెంటీమీటర్లను మించరాదు. బండి కొనగోరువాడు దానిని నిలుపుటకు తనకు చోటున్నదని చూపవలెనని 1962లోనే చట్టము వచ్చినది. సింగపూరు దీవి ఇంకొక అడుగు ముందుకు వేసినది. అచట 1990నుండి కారు కొనువాడు దానిని పదియేండ్లు ఉంచుకొను అర్హతాపత్రమును కూడ వేలములో కొనవలెను. ఒక్కొక్కప్పుడు ఆ పత్రపు వెల కారు వెలను మించును. కారు సొంతమే, కాని దానిని ఉంచుకొను హక్కు మాత్రము పదియేండ్ల కౌలు! అట్లాంటిక్ సముద్రములోని బెర్ముడా దీవి 1946 వరకు ప్రజలకు సొంత కార్లనే అనుమతింపలేదు. పిదప ఇంటికి ఒక్కటియే యని నియమము పెట్టినది. వచ్చిపోవు యాత్రికునకు అచట సాధారణమైన కారు నేటికిని బాడుగకు దొరకదు; స్కూటరో, ఇద్దరు పట్టు చిన్న విద్యుత్ బండియో దొరకును. ఏ జాతి ఏ బండిని ఇష్టపడునో చెప్పుటకు ఆ జాతి స్వభావమును వెదకనక్కరలేదు. దాని నేలను, దాని చట్టమును చూచిన చాలును.

మన దేశములో చాలకాలము ఇష్టమునకు తావే లేకుండెను. ఉత్తరపారాలో 1957నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు, బొంబాయిలో తయారైన ఫియట్టు, ఇంచుమించు ఇవియే కార్లు. డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియుండుట స్కూటరునకు సైతము తప్పలేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన పిదపగాని మధ్యతరగతి యింటి ముంగిట కారు నిలువలేదు. నేటికిని భారతీయుని వాహనము ప్రధానముగా ద్విచక్రమే.

ఇక అండమాను. విశాఖపట్టణమునుండి సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున, బంగాళాఖాతమున ఎనిమిది వందలకు పైబడిన దీవులు, ద్వీపికలు, శిలలు ఉత్తర దక్షిణములుగా ప్రాకియున్నవి. మనుష్యులు నివసించునవి ముప్పదికి కొంచెము హెచ్చు. ఇచ్చటి ఆదివాసుల వాహనము చెట్టు బోదెను తొలిచిన దోనె. చక్రముతో వారికి పనిలేదు. అడవిలో కాలిబాట, తీరమున నీటిబాట వారికి చాలియుండెను. 1858లో ఆంగ్లేయులు పోర్టు బ్లెయిరులో ఖైదీల వలసను స్థాపించినప్పుడు చక్రమును, దానికి వలసిన రోడ్డును వచ్చినవి. రోడ్డు వేసినది ఖైదీ, నడచినది అధికారి. 1883లో చాతం దీవిలో కోతమిల్లు నెలకొన్నది. దానికి దుంగలు చేర్చుటకు ప్రధానభూభాగమునుండి ఏనుగులను ఓడలపై దింపిరి. అండమాను అడవులలో చిరకాలము భారవాహనము ఏనుగే. 1960 ప్రాంతమున కలప వ్యాపారము చెడిన ఒక గుత్తదారు తన యేనుగులను ఇంటర్వ్యూ దీవిలో విడిచి వెళ్ళగా అవి అడవి యేనుగులై అచటనే సంతతి పొందినవి. యజమాని తొలగిపోయినను వాహనము మిగిలియుండుటకు ఇంతకంటె చిత్రమైన ఉదాహరణ దొరకదు.

స్వాతంత్ర్యానంతరము తూర్పు బెంగాలు శరణార్థులును, దక్షిణాది కూలీలును, ఉద్యోగులును వచ్చి స్థిరపడిరి. వారిలో శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి పోయిన తెలుగువారు గణనీయులు. 2011 జనాభా లెక్కలలో దీవుల ప్రజ 3,80,581 కాగా, అందు నూటికి పదుమూడుగురు తెలుగును మాతృభాషగా చెప్పిరి. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాతి స్థానము మన భాషదే. వీధిలో అందరిని కలుపునది హిందీ. పోర్టు బ్లెయిరు (2024నుండి దాని పేరు శ్రీ విజయపురము) బజారులో బండి బేరమాడువాడు తన యింటిలో ఏ భాష మాటాడినను, అచట 'కిరాయా' యనియే యడుగును.

ఈ దీవులలో బండి కలిగియుండుట ప్రధానభూభాగమున కలిగియుండుటవంటిది కాదు. ప్రతి కారును, ప్రతి స్కూటరును ఓడలో సముద్రము దాటి రావలసినదే. విడిభాగము విరిగిన క్రొత్తది వచ్చువరకు వేచియుండవలెను. ఉప్పుగాలి ఇనుమును తినును. ఏడాదిలో సగము కురియు వానలు దానికి తోడు. ఎంత పెద్ద బండి కొన్నను, పోగలిగిన దూరము దీవి అంచు వరకే. ఆ పైన రేవులో పడవకై వరుసలో నిలువవలెను. కావున చిన్న కార్లు, స్కూటర్లు, గట్టి జీపులు ఇచ్చట నెగ్గుట సహజము. వింత యేమనగా, పెట్రోలు అంతయు ఓడలలో దిగుమతి యగుచున్నను, పన్ను స్వల్పమగుటచే దాని ధర దేశములోని అతి తక్కువ ధరలలో నొకటి. విద్యుత్ బండ్లు కూడ ప్రవేశించినవి. కాని దీవుల విద్యుత్తులో అధికభాగము డీసెలు కాల్చి పుట్టించునదే యగుటచే, పొగ బండినుండి విద్యుత్కేంద్రమునకు చోటు మారినదనియే చెప్పవలెను.

బాడుగ వ్యాపారము విహారయాత్రికులతో పెరిగినది. 1988 మోటారు వాహనముల చట్టము క్రింద 1989లో కార్లను, 1997లో మోటారు సైకిళ్ళను బాడుగకిచ్చు పథకములు ఏర్పడినవి. నల్లని పలకపై పసుపుపచ్చని అక్షరములున్న బండి, నడుపువానిది కాదని దూరమునుండియే తెలియును. హావ్‌లాక్ దీవిలో (2018నుండి అది స్వరాజ్ ద్వీపము) దిగిన యాత్రికుడు స్కూటరును దినబాడుగకు తీసుకొని తీరముల వెంట తిరుగును. ఒకటి రెండు రోడ్లు మాత్రమే గల చిన్న దీవికి ఇది తగిన యేర్పాటు. బండి దీవిలోనే యుండును, మనుష్యుడు వచ్చిపోవును.

దక్షిణమున నికోబారులో స్వామ్యమను భావమే వేరు. కారు నికోబారునందు నేలయు, కొబ్బరి తోటలును 'తుహెట్' అను అవిభక్త కుటుంబమునకు చెందును. ఏ యొక్కనికిని కావు. 2004 డిసెంబరు 26న సునామీ ఆ దీవులను ముంచివేసెను. అటుపిమ్మట ప్రభుత్వ పరిహారము తుహెట్లకు గాక విడివిడిగా చిన్న కుటుంబములకు అందెను. ఆ ధనముతో పలువురు మోటారు సైకిళ్ళు, టెలివిజనులు కొనిరని పరిశోధకులు వ్రాసిరి. బండి కొనుట తప్పు కాదు. అయితే ఉమ్మడి తోట స్థానమున ఒంటరి బండి వచ్చినప్పుడు మారినది ప్రయాణసాధనము మాత్రమే కాదు. 'మాది' అను మాట ప్రక్కకు జరిగి 'నాది' అను మాట నిలిచినది.

ఇప్పుడు అసలు బాటకు వత్తము. దక్షిణ అండమానునుండి ఉత్తరమున డిగ్లీపురము వరకు మూడు వందల కిలోమీటర్లకు పైబడి పోవు రోడ్డు అండమాను ట్రంకు రోడ్డు. అది జారవాల అడవిని చీల్చుకొని పోవుచున్నది. 1956నాటి ఆదివాసి రక్షణ నిబంధనల ననుసరించి 1957లో ఆ యడవి జారవాలకు ప్రత్యేకింపబడినది. అంబాసిడరు పుట్టిన యేడే అది! ఆ పిదప పదునైదేండ్లయినను గడువకమునుపే రోడ్డు పనులు ఆరంభమైనవి. జారవాలు బాణములతో ఎదిరించిరి. రోడ్డు కూలీలును, వారును ప్రాణములు కోలుపోయిరి. అయినను రోడ్డు పూర్తియైనది. 1997 చివరనుండి జారవాలు ఆయుధములు విడిచి అడవినుండి వెలుపలికి రాసాగిరి. 1999లో వారిలో తట్టు వ్యాధి వ్యాపించెను.

తట్టు అనగానే అండమాను చరిత్ర నెరిగినవారు ఉలికిపడుదురు. 1877లో ఆ వ్యాధియే గ్రేట్ అండమానీ జాతిని తుడిచిపెట్ట మొదలిడినది. ఒకప్పుడు వేల సంఖ్యలోనుండిన ఆ జనము 1961 లెక్కలనాటికి పందొమ్మండుగురు. 2011లో జారవాల సంఖ్య 380. ఒక పెద్ద బస్సులో నలుబదిమంది కూర్చుందురనుకొన్న, జాతియంతయు పది బస్సులకు సరిపడదు.

2002 మే 7న సుప్రీముకోర్టు జారవా అభయారణ్యములో రోడ్డును మూసివేయుమని ఆజ్ఞాపించెను. రోడ్డు మూతపడలేదు. నేటికిని జిర్కాటాంగ్ వద్ద బండ్లు నిర్ణీత వేళలలో బారులు తీరును. వివరములు వ్రాసుకొని, పోలీసు కాపుతో వానిని గుంపుగా పంపుదురు. గంటకు నలుబది కిలోమీటర్ల వేగము మించరాదు. ఆగరాదు, ఛాయాచిత్రములు తీయరాదు, తినుబండారములు ఇవ్వరాదు. ఇన్ని నిషేధములున్నను, 2012 జనవరిలో జారవా స్త్రీలను తిండి ఆశచూపి ఆడించుచున్న చలనచిత్రమును ఒక ఆంగ్ల పత్రిక బయటపెట్టగా దేశము తలవంచుకొనవలసి వచ్చినది. 2013లో సుప్రీముకోర్టు ఆ మార్గమున యాత్రికులను కొన్ని వారములు నిలిపివేసి, పిమ్మట అనుమతించెను. పర్యాటకులను బారాటాంగునకు సముద్రమార్గమున కొనిపోవు యత్నములును జరిగినవి. మరియొక వంక హంఫ్రీ జలసంధిపై వంతెన కట్టుటతో రోడ్డు మరింత సుగమమైనది.

రోడ్డు కావలయుననువారి పక్షమును కూడ వినవలెను. రంగత్, మాయాబందర్, డిగ్లీపురములలో తరములుగా స్థిరపడినవారికి పెద్ద ఆసుపత్రి శ్రీ విజయపురములోనే కలదు. వానకాలపు సముద్రము పడవను ఆపినపుడు, ప్రసవవేదన పడు స్త్రీకి ఆ రోడ్డే దిక్కు. దానిని విలాసమనుట అన్యాయము. కాని రోగిని మోయు బండిని, వేడుక చూడవచ్చు బండిని ఒకే వరుసలో నిలుపుట న్యాయమా? ఆ వరుసలో మొదటిది అవసరము, రెండవది బాడుగ కిచ్చిన కుతూహలము. బెర్ముడా వంటి చిన్న దీవి తన ఇరుకు రోడ్లను కాపాడుకొనుటకై యాత్రికునకు కారు నిరాకరింపగలిగినది. మనము ఒక జాతిని కాపాడుటకై అతనిని పడవ యెక్కింపలేమా?

బండికి నమోదు పత్రము కలదు. యజమాని పేరు, యంత్రపు సంఖ్య అందు వ్రాయబడును. బాడుగ బండికి పలక రంగే వేరు. ఆ రోడ్డున పోవు ప్రతి బండి వివరములు జిర్కాటాంగ్ పుస్తకములో కెక్కును. అడవికి మాత్రము జారవాల చేత ఏ పత్రమును లేదు. వారికున్నది 1957లో ఈ దేశము ఇచ్చిన మాట ఒక్కటియే. మాటయే కౌలు అని మన భాష చెప్పుచున్నది. ఆ కౌలును చెల్లింపవలసినవారము, ఆ బాటపై బండి నడుపు మనమే.